మోకాలికి అయస్కాంతం: కొనే ముందు, కట్టుకునే ముందు

(రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చివరి వరుసలో వినిపిస్తోందా? వినిపించనివారు చెయ్యెత్తండి. ఎత్తారా? అంటే వినిపించిందన్నమాటే, దించేయండి.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ బల్ల మీద డబ్బాలో ఎనిమిది అయస్కాంతపు బిళ్లలు ఉన్నాయి. ఎనిమిది. లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అడుగుతాను. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవారు, ఐసీడీ పెట్టించుకున్నవారు దయచేసి మీ కుర్చీల్లోనే ఉండండి, బల్ల దగ్గరికి రావద్దు. భయపెట్టడానికి చెప్పడం లేదు. పేస్‌మేకర్‌లో ఒక ఏర్పాటు ఉంటుంది. దాని దగ్గరికి అయస్కాంతం వస్తే అది గుండె సడిని వినడం మానేసి, ముందే నిర్ణయించిన ఒకే వేగంతో కొట్టుకుంటూ పోతుంది. పరీక్ష చేసేటప్పుడు వైద్యులకు పనికొచ్చే ఏర్పాటు అది. ఇంట్లో మనకు తెలియకుండా జరిగితే మంచిది కాదు. ఐసీడీ సంగతి ఇంకా చిక్కు. గుండె లయ తప్పినప్పుడు షాకిచ్చి దారిలో పెట్టాల్సిన యంత్రం అది. అయస్కాంతం దగ్గరున్నంతసేపూ ఆ పని చేయకుండా ఊరుకుంటుంది. దీనికి పెద్ద అయస్కాంతమేమీ అక్కర్లేదు, సుమారు 10 గాస్‌ల బలం తగిలితే చాలు. గాస్ అంటే ఏమిటో తర్వాత చెబుతాను. ప్రస్తుతానికి కనీసం 15 సెంటీమీటర్ల ఎడం అని గుర్తుపెట్టుకోండి.

ఇన్సులిన్ పంపు ఉన్నవారు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారు, మెదడులో నీరు చేరితే అమర్చే షంట్ ఉన్నవారు, మెదడు రక్తనాళానికి లోహపు క్లిప్పు వేయించుకున్నవారు, వీరందరికీ ఇవాళ్టి ప్రసంగం ఇక్కడితో అయిపోయినట్టే. మీ జవాబు ఒక్కటే, వద్దు. మీ వైద్యుణ్ని అడగకుండా అయస్కాంతం ఒంటిమీద పెట్టుకోవద్దు. గర్భిణులకూ అదే మాట. మిగతా కబుర్లు కాలక్షేపానికి వినండి.

సరే, ఇప్పుడు ఒక లెక్క. ఇంట్లో అయస్కాంతపు మోకాలి పట్టీ గానీ, నడుము బెల్టు గానీ, చేతి కంకణం గానీ, చెప్పుల్లో పరుచుకునే మెత్త గానీ ఉన్నవారు ఎంతమంది? సగానికి పైనే. దానివల్ల నొప్పి తగ్గిందనేవారు? ఊఁ. తగ్గలేదనేవారు? ఊఁ. అది ఇప్పుడు ఏ అల్మారాలో ఉందో గుర్తులేనివారు? అదిగో, ఈసారి లేచినన్ని చేతులు ఇందాక లేవలేదు.

నేను వైద్యుణ్ని కాను. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం పాఠం చెప్పాను. అయస్కాంతం గురించి నాకు తెలుసు, మోకాలి గురించి నా మోకాలే నాకు చెప్పింది. రెండేళ్ల క్రితం మెట్లు దిగుతుంటే కుడి మోకాలు పట్టేసింది. వైద్యుడు చూసి అరుగుదల మొదలైంది, వ్యాయామం చేయమన్నాడు. చేశానా? చేయలేదు. మీరు చేస్తారా? ఇంతలో మా అక్క ఒక పట్టీ తెచ్చి కట్టింది. "ముప్పై ఏళ్లు అయస్కాంతం గురించి చెప్పావుగా, ఇప్పుడు అదే నీకు బాగు చేస్తుంది చూడు" అంది. కాదనే ధైర్యం ఎవరికి ఉంటుంది? కట్టుకున్నాను. రెండు రోజులు కట్టుకున్నాను. మూడో రోజు పాఠం చెప్పిన చెయ్యి ఊరుకోలేదు. బ్లేడు తీసుకుని పట్టీ కుట్టు విప్పాను.

లోపల ఏముందో చూపిస్తాను. ఇదిగో. నల్లటి బిళ్లలు, చొక్కా గుండీ అంత. వీటిని ఫెరైట్ అంటారు. ఇనుము తుప్పు జాతి పొడిని ఇంకొన్ని పదార్థాలతో కలిపి, అచ్చుపోసి, కుండ కాల్చినట్టు కాలుస్తారు. కుండలాగే కింద పడితే పగులుతుంది. చవక రకం. మరో పట్టీలో ఇదిగో, రబ్బరు రేకు, వంగుతుంది. ఈ రబ్బరులోనూ ఆ ఫెరైట్ పొడే కలిపి ఉంటుంది. మూడో రకం ఇవి, వెండిలా మెరిసే బిళ్లలు. ఇవి నియోడిమియం. 1980లలో వచ్చాయి, అంతకు ముందు ఇంత చిన్న బిళ్లలో ఇంత బలం లేదు. మెరుపు పైపూతది, ఎక్కువగా నికెల్. నికెల్ పడనివారు ఉంటారు కదా, గిల్టు నగ పెట్టుకుంటే చెవి దురద పెట్టేవారు, వారికి ఈ బిళ్ల నేరుగా చర్మానికి తగిలితే అదే దురద వస్తుంది.

ఇప్పుడు ఒక ఆట. ఎవరైనా ఒకరు రండి. పేస్‌మేకర్ లేదుగా? రండమ్మా. ఈ పుస్తకం పట్టుకోండి. ఒక కాగితం వెనక ఈ రబ్బరు రేకు పెట్టాను, ఇవతల వైపు కాగితాలు బిగించే క్లిప్పు పెడతాను. అంటుకుందా? అంటుకుంది. రెండు కాగితాలు, అంటుకుంది. ఐదు. పది. పదిహేను. మీరే లెక్కపెట్టండి, గట్టిగా. ఇరవై. క్లిప్పు జారుతోంది చూడండి. ఇరవై రెండు... పడిపోయింది. ఒక్కో కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు. ఇరవై రెండు కాగితాలంటే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. అంతే. ఆ రేకు సత్తువ రెండు మిల్లీమీటర్లు దాటి క్లిప్పును కూడా పట్టలేకపోయింది.

ఇప్పుడు ఈ మెరిసే బిళ్ల. ఇరవై కాగితాలు, యాభై. క్లిప్పు కదలడం లేదు. పుస్తకం అట్టతో సహా సగం పెట్టేద్దాం. ఇంకా వేలాడుతోంది. అమ్మా, మీ వేలు మధ్యలో పెట్టకండి, రెండు బిళ్లలు కలిస్తే చర్మం నలిగి రక్తం వస్తుంది. థాంక్యూ, కూర్చోండి.

ఇంతకీ కాగితాలతో మోకాలికి ఏమి సంబంధం? చాలా ఉంది. అయస్కాంతానికి కాగితమూ ఒకటే, బట్టా ఒకటే, మన చర్మమూ కొవ్వూ ఒకటే. ఏదీ దాన్ని ఆపదు, ఏదీ దాన్ని మోసుకెళ్లదు. ఉన్నదల్లా దూరం. చిన్న బిళ్ల నుంచి కాస్త ఎడంగా వెళ్లాక, దూరం రెండింతలైతే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సగానికి కాదు, ఎనిమిదో వంతుకు. పట్టీ బట్ట ఒక మిల్లీమీటరు, లోపలి బట్ట ఒక మిల్లీమీటరు, చర్మం రెండు మిల్లీమీటర్లు, తర్వాత కొవ్వు, కండ, ఆ తర్వాత గదా మీ కీలు. నడుములో అయితే వెన్నెముక ఇంకెంత లోతు? రబ్బరు రేకు బెల్టు కట్టుకుంటే ఆ అయస్కాంతం మీ చొక్కాను దాటి చర్మం దగ్గరే అలసిపోతుంది. ఇది వైద్యం కాదు, కాగితాల లెక్క. ఇంట్లో మీరే చేసుకోవచ్చు.

రేకు అంత త్వరగా ఎందుకు ఓడిపోయింది? ఇలాంటి రేకు ముక్కలు రెండు తీసుకుని ఒకదాని మీద ఒకటి మెల్లగా జరపండి. టకటకమని మెట్లు ఎక్కుతున్నట్టు చేతికి తెలుస్తుంది. దాని మీద ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని గీతలు గీతలుగా ధ్రువాలు పక్కపక్కనే ఉంటాయి. పక్కింటివాళ్లు ఒకరి బలం ఒకరు అక్కడికక్కడే రద్దు చేసుకుంటారు. తలుపు మీద చీటీ నిలబెట్టడానికి అది చాలు. లోతుకు పనికిరాదు. పెట్టె మీద "బైపోలార్" అని ఘనంగా రాస్తారే, అది చాలాసార్లు ఇదే. 

ఇక గాస్. అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే కొలమానం. 10,000 గాస్‌లైతే ఒక టెస్లా. మన భూమికి ఉన్న బలం అర గాస్, అటూ ఇటూగా. దిక్సూచి ముల్లును తిప్పడానికి ఆ మాత్రం చాలు. తలుపుకు అంటించే బొమ్మ అయస్కాంతం 50 నుంచి 100. ఆసుపత్రిలో ఎంఆర్ఐ యంత్రం 15,000 లేదా 30,000. పట్టీలు అమ్మేవాళ్లు పెట్టె మీద ఎంత వేస్తారు? 3,000 అంటారు, 12,000 అంటారు. అబద్ధమా? పూర్తిగా అబద్ధం కాదు, అదే తెలివి. 12,000 అనేది నియోడిమియం అనే పదార్థపు లోపలి గుణం. బిళ్లగా కోశాక దాని ముఖం మీద కొలిస్తే అందులో మూడో వంతో నాలుగో వంతో వస్తుంది. బట్ట దాటాక ఇంకా తక్కువ. కాబట్టి కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న "ఎన్ని గాస్‌లు?" అని కాదు. "ఎక్కడ కొలిచినవి?" అని అడగండి. జవాబు చెప్పగలిగిన అమ్మకందారు నాకు ఇంతవరకు తారసపడలేదు, మీకు తారసపడితే నాకు చెప్పండి.

ఒకాయన ఫోనులో కొలవచ్చా అని ముందే చీటీ పంపారు. వద్దండి. ఫోనులో ఉండే సెన్సారు భూమి బలాన్ని కొలవడానికి పెట్టినది. దాని ముందు ఈ బిళ్ల పెట్టడమంటే బంగారం తూచే తక్కెడలో బస్తా పడేసినట్టు. అంకె సరిగ్గా రాదు, పైగా ఆ తర్వాత ఫోను చాలాసేపు దిక్కులు తప్పు చూపిస్తుంది.

ధ్రువాల గురించి ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. ఉత్తర ధ్రువం నొప్పిని చల్లారుస్తుంది, దక్షిణ ధ్రువం రేపుతుంది అంటారు. ఇంకొకరు తిరగేసి చెబుతారు. పైగా అయస్కాంత చికిత్స పుస్తకాల్లో "ఉత్తరం" అని గుర్తుపెట్టిన ముఖం, మనం బడిలో చదివిన లెక్క ప్రకారం చాలాసార్లు దక్షిణం అవుతుంది. సందేహముంటే బిళ్లను దారంతో వేలాడదీయండి, ఉత్తరం వైపు తిరిగిన ముఖం ఉత్తర ధ్రువం. ఒక ముఖం నొప్పిని తగ్గించి రెండోది పెంచుతుందని పరీక్షలు చూపించలేదు. ఆ బెంగ వదిలేయండి.

ఇక అందరూ చెప్పే మాట దగ్గరికొద్దాం. "రక్తంలో ఇనుముంది, అయస్కాంతం దాన్ని లాగుతుంది, రక్తప్రసరణ పెరుగుతుంది." వినడానికి ఎంత బాగుంది! ఇనుము ఉన్నమాట నిజం. ఒంట్లో మొత్తం మూడు నాలుగు గ్రాములు ఉంటుంది, చిన్న మేకంత. కానీ అది మేకు కాదు. మేకులో ఇనుప పరమాణువులు కోట్లాదిగా ఒకే గుంపుగా, ఒకే వైపు తిరగడానికి సిద్ధంగా ఉంటాయి. రక్తంలో ఒక్కో పరమాణువు ఒక్కో హిమోగ్లోబిన్ గూటిలో విడివిడిగా కూర్చుని ఉంటుంది. దాన్ని పరీక్షించి చెప్పినవారు మామూలువాళ్లు కాదు, 1936లో లైనస్ పాలింగ్, చార్లెస్ కోర్యెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు. ఆక్సిజన్ మోస్తున్న రక్తాన్ని అయస్కాంతం లాగదు, చాలా కొద్దిగా నెడుతుంది. ఆక్సిజన్ దించేసిన రక్తాన్ని లాగుతుంది, అదీ చాలా కొద్దిగా. రెండూ మన చేతికి తెలిసేంత కావు. ఇంకా నమ్మకం కుదరకపోతే ఎంఆర్ఐకి వెళ్లినవారిని అడగండి. ఇక్కడ వెళ్లినవారు ఉన్నారా? ఒంట్లో రక్తమంతా యంత్రం గోడ వైపు పరుగెత్తిందా? లేదుగా. మీ పట్టీకి ఎన్నో రెట్లు బలమైన దాంట్లో అరగంట పడుకుని, ఆ చప్పుడు భరించి, ఎలా వెళ్లారో అలాగే లేచి వచ్చారు.

1997లో నెదర్లాండ్స్‌లో ఆంద్రే గైమ్ అనే శాస్త్రవేత్త, ఆయనా సహచరులూ కలిసి, 16 టెస్లాల అయస్కాంతంలో బతికున్న కప్పను గాలిలో తేలించారు. ఒంట్లోని నీటిని అయస్కాంతం కొద్దిగా నెడుతుంది కాబట్టి తేలింది. ఆ కప్పను గాలిలో నిలబెట్టడానికి 1,60,000 గాస్‌లు కావలసి వచ్చాయి. అది తేలింది గానీ మోకాళ్ల నొప్పి తగ్గిందని ఎవరితోనూ చెప్పలేదు. నవ్వకండి, లెక్క అర్థం చేసుకోండి.

అయితే మరి తగ్గిందని చేతులెత్తారే, వారు అబద్ధం చెప్పారా? లేదు. వారి మాట నేను నమ్ముతాను. తగ్గింది. ఎందుకు తగ్గింది అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అందమైన జవాబు రెండు వందల ఏళ్ల కిందటిది.

1796లో అమెరికాలో ఎలీషా పెర్కిన్స్ అనే వైద్యుడు రెండు లోహపు కడ్డీలకు పేటెంటు తీసుకున్నాడు. వేలంత ఉంటాయి, ఒక కొస మొన తేలి ఉంటుంది. నొప్పి ఉన్నచోట వాటితో మెల్లగా గీస్తే నొప్పిని బయటికి లాగేస్తాయన్నాడు. విపరీతంగా అమ్ముడుపోయాయి. సముద్రం దాటి ఇంగ్లండుకు చేరాయి. అక్కడ బాత్ నగరంలో జాన్ హేగార్త్ అనే వైద్యుడు ఉన్నాడు. ఆయన ఏం చేశాడు? వాదించలేదు. వడ్రంగి పని చేయించాడు. చెక్కతో అచ్చం అలాంటి కడ్డీలే చేయించి, లోహం రంగు వేయించాడు. 1799 జనవరిలో ఆసుపత్రిలో ఐదుగురు రోగుల మీద, ఎన్నాళ్లుగానో కీళ్లనొప్పులున్నవాళ్ల మీద, ఆ చెక్క కడ్డీలతో గీశారు. ఐదుగురిలో నలుగురు నొప్పి తగ్గిందన్నారు. మర్నాడు అసలు లోహపు కడ్డీలతో గీశారు. అదే ఫలితం. చెక్కకూ లోహానికీ తేడా లేదు.

ఇందులో మీరు గమనించాల్సింది ఆ నలుగురూ మోసగాళ్లు కాకపోవడం. వారికి నిజంగానే నొప్పి తగ్గింది. ఒక వైద్యుడు పక్కన కూర్చుని, ఓపిగ్గా, కొత్త పనిముట్టుతో మోకాలు నిమిరితే నొప్పి తగ్గదా మరి? దీన్నే ఇప్పుడు ప్లాసిబో అంటున్నారు. హేగార్త్ 1800లో ఈ సంగతంతా పుస్తకంగా రాశాడు. అంతకు పదహారేళ్ల ముందు, 1784లో, ప్యారిస్‌లో మెస్మర్ అనే ఆయన ప్రచారం చేసిన అయస్కాంత చికిత్సను బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజే వంటి శాస్త్రవేత్తలు ఉన్న సంఘం ఇలాగే పరీక్షించి తేల్చేసింది. తోటలో ఒక చెట్టుకు "శక్తి" ఎక్కించామని చెప్పి, ఒక పన్నెండేళ్ల పిల్లవాడి కళ్లకు గంతలు కట్టి చెట్టు చెట్టుకూ తీసుకెళ్లారు. శక్తి లేని నాలుగో చెట్టు దగ్గరే వాడు సొమ్మసిల్లాడు. 

మరి మన కాలంలో? పరీక్షలు జరిగాయి. జరగలేదని ఎవరైనా అంటే నమ్మకండి, బాగానే జరిగాయి. 1997లో అమెరికాలో పోలియో వచ్చి తగ్గాక మిగిలిన నొప్పితో ఉన్న 50 మందికి 45 నిమిషాల పాటు అయస్కాంతం పెట్టారు, కొందరికి ఉత్తుత్తి బిళ్ల పెట్టారు. అసలుది పెట్టినవారిలో 76 శాతం మందికి తగ్గింది, ఉత్తుత్తిది పెట్టినవారిలో 19 శాతం మందికి. చాలా పెద్ద తేడా! అమ్మేవాళ్లు ఇప్పటికీ చూపించే కాగితం అదే. న్యాయంగా మాట్లాడాలంటే నేనూ దాన్ని దాచకూడదు, అందుకే ముందు అదే చెప్పాను. కానీ అది ఒక్క 45 నిమిషాల ముచ్చట. ఆ తర్వాత ఏమైంది? 2000లో నడుము నొప్పి పాతుకుపోయిన 20 మందికి ఒక వారం అసలుది, ఒక వారం నకిలీది కట్టి చూశారు, తేడా రాలేదు. 2003లో మడమ నొప్పి ఉన్న 101 మందికి చెప్పుల్లో మెత్తలు వేశారు, ఎనిమిది వారాలు. రెండు గుంపుల్లోనూ దాదాపు మూడో వంతు మందికి బాగా నయమైంది. రెండు గుంపుల్లోనూ అంటున్నాను, వినండి. అంటే అయస్కాంతం లేని మెత్త వేసుకున్నవారు కూడా అంతే బాగుపడ్డారు.

2004లో మోకాలు, తుంటి అరుగుదల ఉన్న 194 మందికి కంకణాలు తొడిగారు. ఇందులో బలమైన అయస్కాంతం ఉన్నవారికి నకిలీవాళ్ల కంటే కొంచెం ఎక్కువ తగ్గింది. కానీ ఇక్కడో తమాషా ఉంది. కంకణం చెంచాకు అంటుకుంటే అసలుది, లేకపోతే నకిలీది. కొంతమంది కనిపెట్టేశారు. అయస్కాంతం మీద పరీక్ష చేయడంలో ఉన్న అసలు కష్టం ఇదే, అది తన గుట్టు తానే బయటపెట్టుకుంటుంది. మాత్రకైతే ఆ బాధ లేదు. 2007లో ఇలాంటి పరీక్షలన్నీ కూర్చి చూసినవారు నొప్పి తగ్గించడానికి అయస్కాంతం పనిచేస్తుందనడానికి ఆధారం లేదన్నారు, అరుగుదల నొప్పి ఒక్కదాని విషయంలో మాత్రం తలుపు పూర్తిగా మూయలేదు. 2013లో కీళ్లవాతం ఉన్న 70 మందిలో రాగి కంకణాన్నీ అయస్కాంతపు పట్టీనీ విడివిడిగా కట్టి చూశారు. రెండూ తేలిపోయాయి. 

ఇదంతా మనం ఇంట్లో కట్టుకునే, తీగ లేని, కరెంటు లేని అయస్కాంతం సంగతి. విద్యుత్తుతో నడిచే యంత్రాలు వేరు. ఎముక అతుక్కోనప్పుడు వైద్యులు వాడే యంత్రాన్ని అమెరికాలో 1979లోనే అనుమతించారు. అందులో అయస్కాంత క్షేత్రం క్షణక్షణం మారుతుంది, మారితేనే ఒంట్లో చిన్న విద్యుత్తు పుడుతుంది. మీ పట్టీలోది మారదు, కూర్చున్న చోటే కూర్చుంటుంది. ఆ యంత్రానికి వచ్చిన పేరును ఈ పట్టీకి తగిలించి అమ్ముతారు, చూసుకోండి.

ఇంత చెప్పాక కూడా "నేను ఒకసారి వాడి చూస్తాను" అనేవారు ఉంటారు. ఉండాలి. పైన చెప్పిన జబ్బులు లేకపోతే దానివల్ల పెద్ద హాని లేదు. కాకపోతే వాడితే సరిగ్గా వాడండి.

అన్నిటికంటే ముందు, ఆ నొప్పి పట్టీ కట్టాల్సిన నొప్పేనా? ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి వచ్చిన భరించలేని తలనొప్పి, పడిపోయాక వచ్చిన నొప్పి, జ్వరంతో పాటు నొప్పి, ఒకే కీలు ఎర్రగా వేడిగా వాచడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, నడుము నొప్పితో పాటు కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం ఆగిపోవడం. ఇవి వస్తే అయస్కాంతం కాదు, బయలుదేరి ఆసుపత్రికి వెళ్లడమే. అసలు నష్టం పట్టీ చేసేది కాదు, పట్టీ కట్టుకుని ఆగిపోయిన ఆ రెండు వారాలు చేసేది.

కొనేటప్పుడు తిరిగి తీసుకుంటామని రాసిచ్చేవారి దగ్గర కొనండి. బిళ్లలు బయటికి రాకుండా లోపల కుట్టి ఉండాలి. వాపస్ గడువు పట్టీ పరీక్షకు సరిపోయేంత ఉండాలి, నెలైనా ఉండాలి. అయస్కాంతానికి ఏడాదికోసారి "శక్తి నింపాలి" అంటే నవ్వి వచ్చేయండి, మంచి అయస్కాంతం మన తర్వాత కూడా ఉంటుంది. దాన్ని పాడుచేసేది వేడి. మామూలు నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, కాబట్టి పట్టీని మరిగే నీళ్లలో ఉతకవద్దు. 

కట్టేటప్పుడు పల్చటి బట్ట మీద కట్టండి, పుండు మీద వద్దు. మందు పట్టీ అంటించిన చోట కట్టవద్దు. మంట పుట్టే మలాం రాసి దానిమీద బిగించవద్దు, చర్మం బొబ్బలెక్కుతుంది. వేళ్లు తిమ్మిరెక్కినా రంగు మారినా వదులు చేయండి. రాత్రి తీసేయండి. ఎంతసేపు కట్టాలని అడుగుతారు. పరీక్షల్లో ఒకరు 45 నిమిషాలు పెట్టారు, ఒకరు ఆరు గంటలు పెట్టారు, ఒకరు రోజంతా పెట్టారు. పనిచేసే మోతాదు తేలితే కదా గంటలు చెప్పడానికి. పగలు కొన్ని గంటలు చాలు. వాడుతున్న మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

తర్వాత పుస్తకం పెట్టండి. రోజూ ఒకే వేళకు నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాయండి. సున్నా అంటే లేదు, పది అంటే తట్టుకోలేను. పక్కనే ఒక పని రాయండి, ఎన్ని మెట్లు ఎక్కారో, ఎన్ని నిమిషాలు నడిచారో. ఒక వారం పట్టీ లేకుండా, రెండు వారాలు పట్టీతో, మళ్లీ ఒక వారం లేకుండా. ఆ నెలలో కొత్త మాత్ర, కొత్త నూనె, కొత్త చెప్పులు వద్దు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. రెండు మార్కులు తగ్గితే తగ్గినట్టు. ఒకటి అటూ ఇటూ రోజూ అవుతూనే ఉంటుంది. మొదటి వారం ఎందుకు అంటే, మనం పట్టీ ఎప్పుడు కొంటాం? నొప్పి అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రోజున. ఎక్కువైన నొప్పి ఏం చేసినా చేయకపోయినా కొంత దిగుతుంది. ఆ దిగుడు పేరు పట్టీ కొట్టేస్తుంది.

నేను ఇంకొక మెట్టు ఎక్కాను. హేగార్త్ నేర్పినదే. పట్టీ కుట్టు విప్పాను కదా, మా అమ్మాయికి ఇచ్చి, "వారానికోసారి లోపల అయస్కాంతాలో, అంతే బరువున్న ఇత్తడి బిళ్లలో, నీ ఇష్టం వచ్చినవి పెట్టి కుట్టు. నాకు చెప్పకు" అన్నాను. చెంచా దగ్గరికి తీసుకెళ్లనని మాటిచ్చాను. ఒకసారి తీసుకెళ్లబోయి ఆగాను, ఒప్పుకుంటున్నాను. ఆరు వారాలు. చివర పుస్తకం తెరిచి చూస్తే అయస్కాంతం వారాల్లో సగటు నాలుగున్నర, ఇత్తడి వారాల్లో నాలుగున్నరకు కాస్త తక్కువ. పట్టీ లేని మొదటి వారం ఆరు. అంటే ఏమిటి? పట్టీ పనిచేసింది. బిగింపు, వెచ్చదనం, నడిచేటప్పుడు మోకాలు జాగ్రత్తగా పెట్టడం, ఇవి పనిచేశాయి. బిళ్లలు చేయలేదు. నా ఒక్కడి మోకాలు శాస్త్రం కాదు, కానీ నా మోకాలికి నాకు కావలసిన జవాబు దొరికింది. ఇప్పుడు బిళ్లలు లేని పట్టీ కట్టుకుని తొడ కండరాల వ్యాయామం చేస్తున్నాను, రెండేళ్ల కింద వైద్యుడు చెప్పినదే. మార్కులు మూడుకు దిగాయి.

అక్కకు పుస్తకం చూపించాను. పేజీలు తిప్పి చూసి, "పట్టీ మంచిదేగా. బిళ్లల గొడవ నీ దగ్గరే ఉంచుకో" అంది. తను అలాగే కట్టుకుంటోంది. తనకు పేస్‌మేకర్ లేదు, మాత్రలు మానలేదు, వైద్యుడి దగ్గరికి వెళుతూనే ఉంది. నాకేమీ అభ్యంతరం లేదు.

చివరగా పిల్లలు. ఈ చిన్న బిళ్లల వల్ల నిజంగా ప్రాణం పోయేది ఇక్కడే. ఒకటి మింగితే బయటికి రావచ్చు. రెండు మింగితే ఒకటి పేగు ఈ మడతలో, రెండోది ఆ మడతలో ఉండి, మధ్యలో పేగు గోడను నొక్కి పట్టుకుంటాయి. ఆ గోడకు రక్తం అందక చిల్లు పడుతుంది. పైకి వచ్చేది మామూలు కడుపునొప్పి, వాంతి. మింగాడని అనుమానం వస్తే చాలు, అప్పటికప్పుడు వెళ్లాలి, ఎన్ని మింగాడో తెలియదని చెప్పాలి. పట్టీ కుట్టు ఊడిందేమో వారానికోసారి చూడండి, బిళ్లలు లెక్కపెట్టండి.

లెక్క అంటే గుర్తొచ్చింది, ఇందాక ఎనిమిది అన్నాను. డబ్బాలో ఏడే ఉన్నాయి. చేతులు మారినప్పుడు ఎవరి దగ్గరైనా ఉండిపోయిందా? ఎవరూ లేవకండి, పిల్లలను కిందికి దించకండి. మీ వాచీలు చూడండి, తాళంచెవుల గుత్తులు చూడండి. కుర్చీల కింద... ఆ, మూడో వరుసలో, కుర్చీ కాలికి. అదే. లాగకండి, పక్కకు జరిపి తీయండి. ఎనిమిది.